పీకిన మొక్కను ఎక్కడ వేయాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

తొలకరి పడిందంటే మాకు కలుపు గురించి ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి వాటిలోంచి, పరదేశాల నుంచి వచ్చి మన నేలలో, నీళ్లలో పాతుకుపోయిన మొక్కల గురించి అడిగినవి ఏరాం. దాదాపు అందరూ "ఎలా చంపాలి" అనే అడిగారు. ఉత్తరాలు జాగ్రత్తగా చదివితే పని చెడింది చంపే దగ్గర కాదు, ఆ తర్వాత. పీకిన మొక్కను గట్టు మీద వేశారు, లేదా పెంటకుప్పలో కలిపారు, లేదా కాలవలోకి తోశారు. అందుకే ఆ సంగతికి ఎక్కువ చోటిచ్చాం.

మా బడి ఆవరణలో వయ్యారిభామ నడుము దాకా పెరిగి తెల్లగా పూసింది. పిల్లలతో పీకించి, కుప్పేసి అంటుపెడదామని ఊళ్లో అంటున్నారు. సరేనా?
– ఉపాధ్యాయురాలు, సిద్దిపేట జిల్లా

పిల్లలతో వద్దే వద్దు, అంటుపెట్టడమూ వద్దు.

కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలిచే ఈ మొక్క కాండం మీద, ఆకుల మీద ఉండే సన్నని నూగులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. అది పుప్పొడిలోనూ ఉంటుంది. ఒంటికి తగిలితే దద్దుర్లు, దురద వస్తాయి. ముక్కులోకి పోతే తుమ్ములు, ఆయాసం. మొదటిరోజు ఏమీ కాలేదని ధైర్యపడకూడదు. ఈ ఎలర్జీ తగలగా తగలగా ఒంటికి పడుతుంది, ఒకసారి పట్టాక ఏళ్లతరబడి వదలదు. అందుకే పెద్దవాళ్లే పీకాలి. వాళ్లయినా మోచేతి దాకా రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు వేసుకోవాలి. పని కాగానే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఉబ్బసం ఉన్నవాళ్లను, ఇదివరకే దద్దుర్లు వచ్చినవాళ్లను ఈ పనికి పిలవకండి.

పూత వచ్చింది కాబట్టి పీకే వరస మారుతుంది. ఒక్క పువ్వును అరచేతిలో పెట్టుకుని చూడండి. జొన్నగింజంత గుండ్రని తెల్ల బొడిపె, దాని అంచున అయిదు చిన్న మూలలు కనిపిస్తాయి. ఆ ఒక్కో మూల దగ్గర ఒక్కో గింజ కడుతుంది. పువ్వుకు అయిదే అనిపిస్తుంది కానీ బాగా పెరిగిన మొక్కకు వేల పూలుంటాయి, గింజలు పది వేల నుంచి పాతిక వేల దాకా రాలుతాయి. ఎండిన మొక్కను ఊపి పీకితే ఆ గింజలన్నీ మీరే చల్లినట్టు. కాబట్టి ముందు మొక్క తలను సంచిలో దూర్చి, పూల గుత్తులను కత్తెరతో సంచిలోకే కోయండి. తర్వాత మొక్కను మొదట్లో పట్టుకుని వేరుతో సహా లాగండి. వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడైతే తల్లివేరు తెగకుండా వస్తుంది. గట్టినేలలో లాగితే మెడ దగ్గర పుటుక్కుమంటుంది, మిగిలిన మొదలు నాలుగు కొమ్మలేసి మళ్లీ పూస్తుంది. కొడవలితో కోసినా అదే జరుగుతుంది, పైగా ఈసారి జానెడు ఎత్తులోనే పూస్తుంది.

ఇక మంట. పచ్చిగా ఉన్నప్పుడు అంటుకోదు, పొగే వస్తుంది. ఎండిన తర్వాత అంటుకుంటుంది కానీ అప్పటికి గింజ రాలిపోయి ఉంటుంది. సెగకు లేచిన గాలి మిగతా గింజల్ని ఎగరేస్తుంది. నిబంధనలూ ఒప్పుకోవు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వీధుల్లో, బహిరంగ స్థలాల్లో చెత్త పారేయడం, తగలబెట్టడం, పూడ్చడం కూడదన్నాయి. తోట చెత్తను విడిగా ఉంచి స్థానిక సంస్థ చెప్పినట్టు అప్పగించాలన్నాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు పరిహారం కట్టించాలని ఆదేశించింది.

పూల సంచులను మూతి బిగించి, నల్ల పాలిథిన్ పట్టా కప్పి, మంచి ఎండ తగిలే గచ్చు మీద ఉంచండి. వానాకాలం కాబట్టి తొందరపడి విప్పకండి, లోపలిదంతా నల్లగా కుళ్లి జావగా మారాలి. పూలు లేని మొదళ్లు, ఆకులు ఎరువు గుంటలోకి పోవచ్చు.

ఇదంతా ఒక్కసారితో తీరదు. ఈ గింజకు నిద్రకాలం లేదు, తడి తగిలితే మొలుస్తుంది, మొలిచిన నాలుగు వారాలకే పూతకొస్తుంది. కాబట్టి ప్రతి మంచి వాన తర్వాత మూడో వారంలో ఒకసారి ఆవరణంతా తిరిగి, ఆకులు నేలకు పరుచుకుని కారెట్ ఆకులా ఉన్న దశలోనే లాగేయండి. సంక్రాంతి దాకా ఈ తిరుగుడు మానకండి.

వయ్యారిభామతో ఎరువు చేయొచ్చని విన్నాను. పక్క రైతు చేస్తే చేనంతా అదే మొలిచింది. ఏది నమ్మాలి?
– రైతు, కర్నూలు జిల్లా

రెండూ నిజమే. తేడా గుంటలో ఉంది. మీ పక్క రైతు నేల మీద కుప్ప వేసి ఉంటారు, లేదా పక్కన కన్నాలుండే నాడెప్ తొట్టిలో వేసి ఉంటారు. ఆ పద్ధతుల్లో నడిమధ్య కాగుతుంది, అంచులు చల్లగా ఉండిపోతాయి. అంచుల్లోని గింజ బతుకుతుంది.

జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ, అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి వారిది, ఈ మొక్క కోసం చెప్పే పద్ధతి గుంట పద్ధతి. నీరు నిలవని మెరకలో 3 అడుగుల లోతు, 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గుంట తవ్వాలి. అడుగు, పక్కలు రాళ్లు పరిచి లేదా దిమ్మిస చేసి గట్టిపరచాలి, లేకపోతే సారమంతా నేలలోకి ఇంకిపోతుంది. గుంట పక్కనే 100 కిలోల పేడ, 10 కిలోల యూరియా లేదా దానికి బదులు రాక్ ఫాస్ఫేట్, ఒకటి రెండు క్వింటాళ్ల మెత్తని మట్టి, ఒక డ్రమ్ము నీళ్లు సిద్ధంగా పెట్టుకోవాలి. 50 కిలోల మొక్కను అడుగున పరిచి, దాని మీద అర కిలో యూరియా లేదా 3 కిలోల రాక్ ఫాస్ఫేట్ చల్లి, కుళ్లబెట్టడానికి తోడ్పడే ట్రైకోడెర్మా విరిడి అనే శిలీంధ్రపు పొడి 50 గ్రాములు వేసి, పేడనీళ్లతో తడపాలి. పైన పలచగా మట్టి చల్లి కాళ్లతో బాగా తొక్కాలి. మళ్లీ 50 కిలోలు, మళ్లీ అవే. గుంట నిండి, పైన అడుగు, అడుగున్నర గుమ్మటంలా లేచేదాకా ఇలాగే వేసుకుంటూ పోయి, చివర మట్టి, పేడ, ఊక కలిపిన ముద్దతో గాలి దూరకుండా మెత్తాలి. నాలుగైదు నెలలకు ఎరువు తయారవుతుంది. 2 సెంటీమీటర్ల కన్నాల జల్లెడతో జల్లించుకోవాలి.

చెడేది మూడు చోట్ల. తొక్కకుండా వదిలేస్తే గాలి నిలిచిపోయి కాగదు. మెత్తు పగిలితే పైపొర చల్లబడిపోతుంది, కాబట్టి వారానికోసారి చూసి బీటలు పూడ్చాలి. తడి చాలకపోతే కుళ్లు ఆగుతుంది, కర్ర గుచ్చి తీస్తే చెమ్మగా, వేడిగా తగలాలి. పూసిన మొక్కలు వేయక తప్పకపోతే గుంట నడిమధ్యే వేయండి, పైపొరలో, పక్కల్లో పూత లేనివే ఉండాలి.

చల్లేముందు పరీక్ష చేయడం మరవకండి. గుంటలో పైన, పక్క, నడుమ నుంచి గుప్పెడేసి ఎరువు తీసి, మూడు తట్టల్లో విడివిడిగా మట్టితో కలిపి పరిచి, రోజూ నీళ్లు చల్లండి. 15 రోజుల్లో ఏ తట్టలోనూ వయ్యారిభామ మొలకలు రాకపోతేనే చేలోకి తోలండి. కొన్న పశువుల ఎరువుకీ ఈ పరీక్ష చేస్తే మంచిది. ఈ గింజ కొత్త పొలాల్లోకి వచ్చే దారుల్లో అదొకటి, ట్రాక్టరు చక్రాలకు అంటిన మట్టి ఇంకొకటి.

పత్తి చేను గట్ల మీద వయ్యారిభామ విపరీతంగా ఉంది. ఉప్పునీళ్లు కొట్టమని ఒకరు, 2,4-డి అని ఒకరు, గ్లైఫోసేట్ అని దుకాణదారు. ఏది కొట్టాలి?
– రైతు, ఆదిలాబాద్ జిల్లా

పత్తి పక్కన 2,4-డి కలుపుమందు వద్దు. తుంపరే కాదు, దాని ఆవిరి గాలికి కొట్టుకొచ్చినా పత్తికి తగులుతుంది. తగిలిన చేను ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మరవరు. కొత్తాకులు వెడల్పు పోగొట్టుకుని బెండాకులా సన్నగా చీలి, ఈనెలు దగ్గరకొచ్చి ముడుచుకుపోతాయి, మొగ్గ రాలిపోతుంది. టమాటా, మిరప, ద్రాక్ష తోటలకీ ఇదే భయం. ఆ మందు వాడిన పంపుతో తర్వాత పత్తికి పురుగుమందు కొట్టినా చాలు, దెబ్బ తగులుతుంది. కలుపుమందుకు పంపు వేరుగా ఉండాల్సిందే.

గ్లైఫోసేట్ విషయంలో 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ, తెగుళ్ల నియంత్రణ ఆపరేటర్ల ద్వారా తప్ప ఎవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ మందుకు మన దేశంలో ఆమోదం ఉన్నది తేయాకు తోటలకు, పైరు లేని నేలలకే. దుకాణదారు మాట మీద కాకుండా మండల వ్యవసాయ అధికారిని అడిగి, డబ్బా మీది కాగితం చదివి నిర్ణయించుకోండి. పైరు మధ్యలో మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

ఉప్పునీళ్లు పనిచేస్తాయి. లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు, అంటే 15 లీటర్ల పంపుకు 3 కిలోలు. ఉప్పు పూర్తిగా కరిగాక గుడ్డలో వడకట్టి, కాస్త సబ్బుపొడి కలిపి, మంచి ఎండ ఉన్న పూట, పూతకు ముందు, ఆకులు బాగా తడిసేలా కొట్టాలి. ఆకులు మాడి మొక్క చస్తుంది. కానీ ఆ ఉప్పంతా నేలలోనే మిగులుతుంది. ఇది బాటల పక్క, బీడు దిబ్బల మీద చేసే పని, చేను గట్టు మీద చేసేది కాదు. గట్టు మీది ఉప్పు తర్వాతి వానకు మీ చేలోకే దిగుతుంది. పని అయ్యాక పంపును మంచినీళ్లతో రెండుసార్లు కడగకపోతే నాజిల్ తుప్పు పట్టిపోతుంది.

మీ గట్లకు మా సలహా: పూతకు ముందు పలుగుతో పీకి గుంటలో వేయడం, ఖాళీ అయిన గట్టు మీద వెంటనే కంది, జనుము లాంటివి ఒత్తుగా చల్లడం. ఈ మొక్క నీడకు ఓర్వదు.

పీకబోయే ముందు ఆకులు తిరగేసి చూడండి. మినపగింజకన్నా కాస్త పెద్దగా, మీగడ రంగు వీపు మీద గోధుమరంగు చారలున్న పెంకుపురుగు కనిపిస్తే ఆ చోట మందు కొట్టకండి. జైగోగ్రామా అనే ఈ పురుగును మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరులో వదిలారు. పెద్ద పురుగూ పిల్లపురుగూ రెండూ ఈ ఆకునే తింటాయి. పొద్దుతిరుగుడును తింటుందని ఒకప్పుడు పెద్ద గొడవే జరిగింది కానీ ఆ పైరుకు చెప్పుకోదగ్గ నష్టం చేయదని తేలింది. దాని లోపం ఒకటే. వానాకాలంలో బాగా తింటుంది, చలి, ఎండ రోజుల్లో నేలలో దూరి పడుకుంటుంది, ఆ రోజుల్లో తడి ఉన్నచోట మొక్క మళ్లీ లేస్తుంది. అప్పుడు మనిషి చెయ్యి పడాల్సిందే.

పదెకరాల బీడులో సర్కారు తుమ్మను జేసీబీతో తీయించాను. రెండేళ్లు తిరక్కుండా ముందుకన్నా గుబురుగా లేచింది. ఎక్కడ తప్పు చేశాను?
– రైతు, కమలాపురం, కడప జిల్లా

మీ జిల్లాకు ఈ చెట్టుతో ఉన్న బంధం పాతది. మన దేశంలోకి సర్కారు తుమ్మ మొదట వచ్చింది 1877లో, జమైకా విత్తనంతో, కడప ప్రాంతానికే. కరువు నేలల్లో వంటచెరకు కోసం అటవీ శాఖవారు తెప్పించారు. ఆ పని అది చేసింది కూడా, రాయలసీమలో ఎన్నో పొయ్యిలు దీనితోనే వెలిగాయి. వేసినచోట ఆగకపోవడమే చిక్కు.

జేసీబీ బకెట్టు చెట్టును తోస్తే మొదలు నేలమట్టానికి విరుగుతుంది. చూడ్డానికి పొలం శుభ్రం. కానీ ఈ చెట్టు చిగురు మొగ్గలు మొదలూ వేరూ కలిసే చోట, నేల పైపొరలోనే దాక్కుని ఉంటాయి. పైభాగం పోగానే అవన్నీ ఒక్కసారి మేల్కొంటాయి, ఒక్క మాను ఉన్నచోట పది కొమ్మలు లేస్తాయి. అదే ఆ భాగం కిందికి వెళ్లి వేరును నరికితే, లోతున మిగిలిన వేరు మళ్లీ చిగురించదు. అంటే తేడా అంతా జానెడు లోతుది. చెట్టు చుట్టూ మట్టి తీసి, నేలమట్టానికి కనీసం 30 సెంటీమీటర్ల కింద తల్లివేరును, పక్కవేర్లను కోయించండి. జేసీబీ డ్రైవరుకు ముందే చెప్పి, తోయడం కాకుండా పళ్లతో కింద నుంచి పెకలించమనండి. పెకలించిన దుంగలో వేరుమొదలు ఉందో లేదో ప్రతి చెట్టుకూ చూసుకోండి. లేకపోతే అది గుంటలో ఉన్నట్టే, గడ్డపారతో తీయాలి. వానాకాలం మొదట్లో, కాయ పండకముందు చేస్తే నేలా మెత్తగా ఉంటుంది, విత్తనమూ రాలదు.

రెండో తప్పు చాలామంది చేసేదే. ఖాళీ అయిన పొలంలో ఎరువు కోసం మంద కట్టిస్తారు. పసుపురంగు కాయలు తియ్యగా ఉంటాయని మేకలు, గొర్రెలు, పశువులు ఇష్టంగా తింటాయి. గట్టి పెంకున్న గింజ వాటి కడుపులోంచి చెక్కుచెదరకుండా, పైగా మొలవడానికి సిద్ధమై పేడలో పడుతుంది. కాయ రాలే కాలంలో తుమ్మ తోపుల్లో మేసిన మందను కనీసం వారం రోజులు వేరే మేత మీద ఉంచాకే పొలంలో కట్టించండి. కాయను దాణాగా వాడాలనుకుంటే గింజతో సహా పిండి పట్టించాలి. దాణాలో అయిదో వంతు మించనివ్వకండి.

తీసిన కంప విషయం. మానులు బొగ్గుకు, వంటచెరకుకు పోతాయి. ముళ్ల కొమ్మను కంచెకు వాడుకోవచ్చు, కానీ కాయలున్న కొమ్మ కంచెలోకి ఎక్కితే వచ్చే ఏడు గట్టు వెంబడి వరసగా మొలకలే. కాయల్ని ముందు దులిపి, ఏరి, పొయ్యిలో వేయండి. నరకబోయే ముందు అటవీ రేంజి కార్యాలయంలో చెట్టు పేరు, సర్వే నంబరు చెప్పి అనుమతి సంగతి కనుక్కోండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సొంత పట్టా భూమిలోని చెట్ల నరికివేతకూ వర్తిస్తుంది. బొగ్గు, కర్ర బండికెత్తే ముందు రవాణా పర్మిట్ మాటా అక్కడే తేల్చుకోండి. పక్కనున్న పోరంబోకు నుంచి ఒక్క మాను తీయాలన్నా పంచాయతీ, రెవెన్యూ వాళ్ల రాతమూలకమైన మాట ఉండాలి.

ఆ తర్వాత రెండేళ్లు పొలాన్ని ఖాళీగా వదలకండి. జొన్న, సజ్జ ఒత్తుగా విత్తండి. నేలలో మిగిలిన గింజ పదేళ్ల దాకా బతకగలదు, ప్రతి వానకీ కొన్ని లేస్తాయి. వేలెడు ఎత్తులో ఉన్నప్పుడు చేత్తో వస్తాయి, మోకాలెత్తుకొస్తే మళ్లీ జేసీబీ పిలవాలి.

మా చెరువులో గుర్రపుడెక్క నిండిపోయింది. మందు కొడితే రెండురోజుల్లో పోతుందంటున్నారు. చేపలున్నాయి. కొట్టొచ్చా?
– మత్స్యకార సంఘ సభ్యుడు, ఏలూరు జిల్లా

కొట్టకండి. మందు నేరుగా చేపను చంపకపోయినా, చచ్చిన గుర్రపుడెక్క చంపుతుంది. చెరువంతా ఒకేసారి కుళ్లితే ఆ కుళ్లు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది, తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. కుళ్లింది అడుగున పేరుకుని చెరువు పూడుతుంది కూడా.

చేత్తో తీయడమే మార్గం, కానీ వేగం ముఖ్యం. మంచి ఎండ, ఎరువు నీళ్లు దొరికితే ఇది రెండు వారాల్లోపే రెట్టింపవుతుంది. వారానికి కొంచెం చొప్పున తీస్తే తీసినంతా తిరిగొస్తుంది. కాబట్టి వేసవిలో, నీళ్లు తగ్గి గుర్రపుడెక్క ఒక మూలకు చేరినప్పుడు మనుషులందరినీ ఒక్కసారే దింపండి. గాలి తోసే వైపు వెదురు బొంగులు, థర్మాకోల్ తేలుళ్లు కట్టిన తాడు అడ్డం లాగితే తెప్ప చెదరదు. తెప్పను రంపంతో బల్లల్లా కోసి ఒడ్డుకు లాగాలి. చివరి రోజున ఒక పడవ మీద ఇద్దరు తిరిగి, అంచుల్లో, తూటికాడల మధ్య ఇరుక్కున్న పిలకల్ని వలబుట్టతో ఏరాలి. అందరూ అలసిపోయి ఈ పని వదిలేస్తారు, మూడు నెలలకు చెరువు మళ్లీ నిండేది ఆ పిలకలతోనే.

ఒడ్డున ఎక్కడ వేస్తారు? గట్టు లోపలి వాలు మీద వేస్తే మొదటి వానకే చెరువులోకి జారుతుంది. నీటి అంచుకు కనీసం పదడుగుల అవతల, గట్టు బయటివైపు వేసి, వేర్లు పైకి వచ్చేలా తిరగేసి నాలుగైదు రోజులు ఎండనివ్వండి. పచ్చి మొక్కలో 90 శాతానికి పైగా నీళ్లే, ఎండితే కుప్ప ఇట్టే కుంగిపోతుంది, బండికెత్తడం తేలిక. తర్వాత రెండు మూడంగుళాల ముక్కలు చేసి, నాలుగు వంతులకు ఒక వంతు పేడ కలిపి కుప్ప వేసి, పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలల్లో ఎరువవుతుంది. వానపాములకూ ఇష్టం. ఒక్క హెచ్చరిక: ఈ మొక్క నీటిలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను వేర్లలోకి పీల్చుకుంటుంది. మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువులోదైతే ఆ ఎరువు కూరగాయలకు వద్దు, పశువుకు మేతగా అసలే వద్దు.

వలలు, పడవ, బూట్లు మరో చెరువుకు తీసుకెళ్లే ముందు దులిపి, కడిగి, ఎండబెట్టండి. గింజ అడుగు బురదలో పదిహేనేళ్లకు పైగా బతుకుతుంది. బురద తీసి పొలాలకు తోలేవారు దాన్ని మరో నీటి గుంట దగ్గర పోయకూడదు.

నియోకెటినా అనే ముక్కుపురుగులను 1983 నుంచి మన దేశంలో దీని మీదికి వదులుతున్నారు. నిలకడ నీటిలో కొన్నేళ్లకు ఫలితం చూపుతాయి. చేపల చెరువు రైతు అంతకాలం ఆగలేడు గానీ ఊరి మంచినీళ్ల చెరువుకు ఆలోచించదగ్గదే. మీ చెరువు కొల్లేరు అభయారణ్యం హద్దుల్లోకి వస్తే మాత్రం మనుషుల్ని దింపే ముందు అటవీ శాఖ వన్యప్రాణి విభాగం అనుమతి తీసుకోవాలి.

బాల్కనీ తొట్టిలో పువ్వు కోసం గుర్రపుడెక్క పెంచాను. ఎక్కువైనవి మ్యాన్‌హోల్‌లో వేస్తే ఇబ్బందా?
– పాఠకురాలు, హైదరాబాద్

ఇబ్బందే. మురుగుకాలవ మూసీలోకో చెరువులోకో కలుస్తుంది, ఒక్క పిలక చాలు. బకెట్టులోకి తీసి, నీళ్లు మొక్కల కుండీల్లో పోసి, మొక్కల్ని మేడ మీద కరకరలాడేదాకా ఎండబెట్టి తడిచెత్తలో వేయండి. అక్వేరియంలోని అంతరతామర, సాల్వీనియాలకీ ఇదే పద్ధతి. తొట్టికి మన కలువ పెట్టుకోండి, అందంలో దేనికీ తీసిపోదు.

నల్లమల అంచున మా యువజన సంఘం లాంటానా తొలగిద్దామనుకుంటోంది. చట్టం ఏమంటుంది? ఎలా తీయాలి?
– పాఠకుడు, నంద్యాల జిల్లా

మంచి సంకల్పం. అడవి హద్దు లోపల మాత్రం రేంజి అధికారితో కలిసే చేయాలి. రిజర్వు అడవిలో, అందునా పులుల అభయారణ్యంలో, కలుపు మొక్కైనా సరే సొంతంగా నరికితే నేరమవుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన సవరణ, మన దేశానికి చెందక, వన్యప్రాణికో దాని ఆవాసానికో ముప్పు తెచ్చే జాతులకు చట్టంలో నిర్వచనం ఇచ్చింది. వాటి దిగుమతి, అమ్మకం, దగ్గర ఉంచుకోవడం, వ్యాప్తి మీద ఆంక్షలు పెట్టే అధికారం కేంద్రానికి 62ఎ సెక్షన్ ఇస్తుంది. స్వాధీనం చేసుకుని నాశనం చేసే అధికారం కూడా అందులో ఉంది. ఆ అధికారం అధికారులది, మనది సాయం.

తీసే పద్ధతి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు రూపొందించిన వేరుమొదలు పద్ధతి. కొమ్మలు కొట్టడం, తగలబెట్టడం లాంటానాకు కొత్త చిగురు పోయించడమే. పొద మొదట్లో నిలబడి, గునపంతో నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద తల్లివేరును ఒక్క దెబ్బకు నరకాలి. తర్వాత పొదనంతా ఎత్తి తలకిందులుగా, వేరు ఆకాశం చూసేలా పక్క పొద మీద పడేయాలి. కాండం నేలకు తగిలితే కణుపుల దగ్గర వేళ్లు పోసుకుంటుంది, తలకిందులు చేయడం అందుకే. కాయలు నల్లబడకముందు చేయండి, పండితే పక్షులు తిని ఎగిరినంత దూరమూ విత్తుతాయి. ఆకును పశువులు తింటే కాలేయం దెబ్బతిని, ఎండకు చర్మం పగులుతుంది, కాబట్టి తీసిన చోట పశువుల్ని వదలకండి. తీసిన ఖాళీలో అక్కడి గడ్డి జాతుల విత్తనం ఆ వానలోనే చల్లాలి, లేకపోతే లాంటానా పోయిన చోట వయ్యారిభామ వస్తుంది.

ఇంగ్లండులో ఇల్లు కొన్నాం. పెరట్లో వెదురులా కణుపులున్న మొక్కను తవ్వి తోటకూర వేద్దామనుకుంటే పక్కింటివారు అది జపనీస్ నాట్‌వీడ్, ముట్టుకోవద్దన్నారు. అంత భయమా?
– పాఠకురాలు, రీడింగ్

పక్కింటివారు మేలు చేశారు. తవ్వకండి. ఈ మొక్క అక్కడ గింజతో కాదు, నేలలోని దుంపకాడ ముక్కతో పెరుగుతుంది. ఒక గ్రాముకు తక్కువ ముక్క చాలు కొత్త మొక్కకు. పార తగిలిన ప్రతిసారీ ఒకటి పదవుతుంది. విరిచి చూస్తే లోపల కారెట్ రంగు కనిపిస్తే అదే దుంపకాడ.

మీ పెరట్లో ఉండడం నేరం కాదు, తీసేయాలన్న నిర్బంధమూ లేదు. మీ స్థలం దాటి బయటి నేలల్లోకి పాకడానికి కారకులైతే 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం కింద జరిమానా, రెండేళ్ల దాకా జైలు ఉండొచ్చు. పక్కింటివైపు పాకితే వాళ్లు సివిల్ దావా వేయవచ్చు.

ఆకుమందు అయితే వేసవి చివర, మొక్క తన సారాన్ని కిందికి దించుకునే వేళ కొట్టిస్తేనే వేరుదాకా దిగుతుంది. మామూలుగా కనీసం మూడేళ్లు పడుతుంది, మొదటి ఏడాది కనబడకుండా పోయిందని ఆపేస్తే మళ్లీ లేస్తుంది. పక్కన వాగు, కాలవ ఉంటే మందు కొట్టే ముందు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఒప్పుదల కావాలి. తీసిన కాడలు, దుంపలు, ఆ మట్టి దేన్నీ కౌన్సిల్ తోట చెత్త బిన్‌లో వేయకూడదు, ఇంటి ఎరువులో కలపకూడదు. నమోదైన వ్యర్థాల రవాణాదారుతో, అనుమతి ఉన్న డంపింగు స్థలానికే పంపాలి. పూడ్చడానికి కూడా లెక్కుంది: కనీసం 5 మీటర్ల లోతు, వేరు దాటని పొరలో పూర్తిగా చుట్టి కడితే 2 మీటర్లు. ఇంటి పెరట్లో ఇది అయ్యే పని కాదు, హామీ పత్రమిచ్చే నిపుణులకు అప్పగించండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఇంటి వివరాలు రాసి కొనేవారికిచ్చే టీఏ6 ఫారంలో నాట్‌వీడ్ ప్రశ్న ఉంటుంది, అక్కడ ఆ పత్రం అక్కరకొస్తుంది. కొనేటప్పుడు మీకిచ్చిన ఫారంలో ఏమని రాశారో కూడా ఇప్పుడే మీ సొలిసిటర్‌తో చూపించుకోండి.

తోటకూర మాటకొస్తే, ఆ మట్టిలో వద్దు. ఆ మూలకు దూరంగా, కొన్న మట్టితో పెద్ద కుండీల్లో వేసుకోండి. నాట్‌వీడ్ మొలిచిన చోట నడిచిన బూట్లను, వాడిన పారను అక్కడే బ్రష్‌తో గీకి శుభ్రం చేసి తర్వాతే కుండీల దగ్గరకు వెళ్లండి.